ఏఐ మౌస్‌కు మా గుంట ఎవరో తెలియదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక టెక్నాలజీ పేజీలో ఏఐ మౌస్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. మాట్లాడితే అదే టైపు చేసేస్తుందని, బటన్ నొక్కితే ఏ భాషలోకైనా మార్చేస్తుందని, తెలుగువాళ్లకు ఇక కీబోర్డుతో పని లేదని అందులో రాశారు. రాసినాయన హైదరాబాదులో కూర్చుని రాశారని నా అనుమానం. నేను అలాంటి మౌస్‌నే ఐదు నెలలుగా ఒడిశా బోర్డర్‌లో వాడుతున్నాను. నా అనుభవం కొంచెం వేరుగా ఉంది. ఉత్తరం పొడవైతే మన్నించండి, కత్తిరించినా ఫర్వాలేదు. ఎక్కడ కత్తిరించకూడదో మాత్రం చివర్లో చెబుతాను.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా ఊళ్లో సగం మాట తెలుగు, సగం మాట ఒడియా. అటు పాతపట్నం వైపు తిరిగితే ఆంధ్రా, ఇటు తిరిగితే ఒడిశా. 1999 నుంచి నాకు ఇక్కడ డీటీపీ షాపు ఉంది. మొదట్లో పెళ్లి కార్డులు, కరపత్రాలు, దినం కార్డులు కొట్టేవాణ్ణి. తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు, రెంటికీ పేజీ కట్టడానికి పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్. ఇప్పుడు కార్డులు తగ్గిపోయాయి. జెరాక్సు, లామినేషన్, ఆన్‌లైన్ దరఖాస్తులు, అర్జీలు రాయడం, వీటితోనే నడుస్తోంది. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకు డబ్బిచ్చే సుభద్ర పథకం వచ్చినప్పుడు మా షాపు ముందు ఆడవాళ్ల లైను వీధి మలుపు దాకా ఉండేది. కాశీనగరం నుంచి వస్తారు, మెళియాపుట్టి వైపు నుంచి వస్తారు, కొండ మీద నుంచి సవర గిరిజనులు దిగి వస్తారు. ఒక్కో మనిషి ఒక్కో రకంగా మాట్లాడతాడు. ఒకే మనిషి ఒకే వాక్యంలో రెండు రకాలుగా మాట్లాడటం కూడా మామూలే.

ఇన్నేళ్లు మౌస్ పట్టుకున్న కుడి చెయ్యి పోయినేడాది మొరాయించింది. మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా లాగేది. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కేవి. డాక్టరు గారు కొన్నాళ్లు మౌస్ ముట్టుకోవద్దన్నారు. మౌస్ ముట్టుకోకపోతే నేను తినేదేమిటని అడిగాను. ఆయన నవ్వి బిళ్లలు రాశారు. మా మేనల్లుడు విశాఖలో పని చేస్తాడు. మావయ్యా, మాట్లాడితే టైపు చేసే మౌస్ ఉంది, నీ చేతికి రెస్టు దొరుకుతుంది అని చెప్పి ఆన్‌లైన్‌లో పంపించాడు. 1,450 రూపాయలు. కంపెనీ పేరు రాయను, దానితో నాకు గొడవ లేదు.

మౌస్ చూడ్డానికి మామూలుగానే ఉంది. మామూలు బటన్లు కాకుండా మూడు ఎక్కువ ఉన్నాయి. ఒకటి మైకు బొమ్మది, అది నొక్కి పట్టుకుని మాట్లాడితే టైపు అవుతుంది. ఒకటి అనువాదానికి. మూడోది ఏఐ బటన్. ఏదైనా రాసి సెలెక్ట్ చేసి దాన్ని నొక్కితే మెరుగు పరచు, క్లుప్తం చేయి, జవాబు రాయి అని ఒక డబ్బా తెరుచుకుంటుంది. ఈ రకం మౌస్‌లు పెద్ద కంపెనీలు కూడా తెచ్చాయి. 2024 ఏప్రిల్‌లో లాజిటెక్ ఇలాగే చాట్‌జీపీటీని పిలిచే బటన్ ఉన్న మౌస్‌ను విడుదల చేసింది. నా దగ్గర ఉన్నది ఆ కంపెనీది కాదు.

వ్యాసంలో మౌస్‌లో కృత్రిమ మేధ ఉందని రాశారు. లేదండీ. ముందు ఆ మాట సరిచేయాలి. మౌస్‌లో ఉన్నది ఒక మైకు, మూడు బటన్లు, అంతే. కంప్యూటర్‌లో వాళ్ల సాఫ్ట్‌వేర్ వేయాలి, లాగిన్ అవ్వాలి, ఇంటర్నెట్ ఉండాలి. మన మాట ఆ దారిలో ఎక్కడో ఉన్న సర్వర్‌కి వెళ్లి, అక్కడ అక్షరాలై తిరిగి వస్తుంది. నెలకు ఇన్ని మాటలు ఉచితం, ఆ తర్వాత డబ్బు కట్టాలి. డబ్బా మీద ఈ సంగతి కనిపించీ కనిపించని అక్షరాల్లో ఉంది. భూతద్దం పెట్టుకుని చదివాను. ఇంటర్నెట్ పోతే అది మామూలు మౌస్. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా జిల్లాలో కరెంటు, ఫోను ఎలా పోయాయో ఇక్కడివాళ్లకు గుర్తే. అంత కాకపోయినా, గట్టి వాన పడితే చాలు, మా మౌస్ గారి తెలివి ఆ పూటకి సెలవు.

నిజం చెప్పాలంటే తెలివి మామూలు మౌస్‌కే ఎక్కువ. ఎంగెల్‌బార్ట్ అనే అమెరికా ఇంజనీరు బృందం 1964లో చెక్క డబ్బాకి రెండు చక్రాలు పెట్టి మొదటి మౌస్ చేసింది. నేను షాపు పెట్టిన కొత్తలో కడుపులో బంతి ఉన్న మౌస్‌లుండేవి. వారానికోసారి బంతి తీసి, లోపలి రోలర్లకు చుట్టుకున్న మురికిని గోటితో గీకేవాణ్ణి. ఇప్పటి లైటు మౌస్ అడుగున చిన్న కెమెరా లాంటిది ఉంటుంది. సెకనుకి వెయ్యికి పైగా ఫోటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి, ఎటు ఎంత జరిగిందో తన పొట్టలోనే లెక్క కడుతుంది. ఎవరినీ అడగదు, ఎవరికీ చెప్పదు. ఆ పనిని ఎవరూ మేధ అనరు.

సరే, మొదటి రోజు సంగతి. మైకు బటన్ నొక్కి, గొంతు సవరించుకుని, "మాది పర్లా" అన్నాను. మేం ఊరి పేరు అలాగే అంటాం. తెర మీద "మాది పర్లేదు" అని పడింది. షాపులో ఉన్న నలుగురూ పడీ పడీ నవ్వారు. ఊరి గురించి అది అన్నది అబద్ధం కాదని జెరాక్సు కోసం వచ్చిన మాస్టారు అన్నారు.

మంచి కూడా చెప్పాలి కదా. చెయ్యి నొప్పి నిజంగానే తగ్గింది. నాలుగు పేజీల దస్తావేజు ఒకటి చదువుకుంటూ పోతే అరగంటలో పడింది. చేత్తో అయితే నాకు పూట పట్టేది. పెళ్లి కార్డు భాష దానికి వెన్నతో పెట్టిన విద్య. శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు అంటే ఒక్క ఒత్తు పోకుండా కొట్టింది. మా ఏకైక పుత్రిక, మీ రాక మాకెంతో సంతోషం, అన్నీ తప్పు లేకుండా. మీ పేపర్లో వార్త ఒకటి చదివి వినిపించాను, అచ్చు మీ పేపర్లాగే వచ్చింది. కాకపోతే అది యూనికోడ్‌లో, అంటే ఇప్పటి ఫోన్లు వాడే అక్షరాల పద్ధతిలో వస్తుంది, తీసుకెళ్లి నా పాత పేజ్‌మేకర్‌లో పెడితే అక్షరాలన్నీ గీతలూ డబ్బాలూ అయిపోతాయి. దాన్ని అనులోకి మార్చుకోవడం ఒక పని. ఆ మాత్రం ఓర్చుకోవచ్చు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మనుషులు వచ్చినప్పుడు.

కొండ దిగువ ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. కూతురికి హాస్టల్లో సీటు కావాలి, ఇంగ్లీషులో అర్జీ కావాలంది. నువ్వే ఈ మౌస్‌కి చెప్పమ్మా అని మైకు బటన్ నొక్కి పట్టుకున్నాను. ఆవిడ సిగ్గుపడుతూ, "మా గుంట తొమ్మిదో తరగతి చదువుతాందండి, హాస్టల్లో సీటు కావాలండి" అంది. తెలుగులో బాగానే పడింది. అనువాదం బటన్ నొక్కాను. ఇంగ్లీషులో గుంటకి పిట్ అని వచ్చింది. అంటే గొయ్యి. తొమ్మిదో తరగతి చదివే గొయ్యికి హాస్టల్లో సీటు ఇప్పించగలరని. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "ఏటి బాబూ, ఏటి రాసినాది?" అని ఆవిడ కంగారు పడింది. ఇంకోసారి చెప్పించాను. ఈసారి అది గుంటను భూమి కొలత అనుకుంది. తెలంగాణలో 121 చదరపు గజాలను గుంట అంటారు, అది దానికి తెలుసు. హాస్టల్ కోసం ఒక గుంట స్థలం కేటాయించమని రాసింది. శ్రీకాకుళం నుంచి పర్లాకిమిడి దాకా ఆడపిల్లను గుంట అంటారనీ, మగపిల్లవాణ్ణి గుంటడు అంటారనీ దానికి ఎవరూ చెప్పలేదు. అర్జీ నేనే కొట్టాను. ఆవిడ ఇచ్చిన ఇరవై రూపాయలు తీసుకున్నాను గాని, నవ్వినందుకు మనసులో ఏదోలా ఉంది.

ఆవిడ విషయంలో తప్పు కంటికి కనిపించింది కాబట్టి దొరికిపోయింది. ఇంకొకటి కొంచెంలో తప్పింది. మా ఊరు కొమ్ము పనికి పేరున్న ఊరు. గేదె కొమ్ము, ఆవు కొమ్ము సాన పట్టి కొంగలు, రొయ్యలు, దేవుడి బొమ్మలు చేస్తారు. అలా చేసే పెద్దాయన ఒకరు, ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాలి, బొమ్మల కింద ఇంగ్లీషులో నాలుగు మాటలు కావాలని వచ్చారు. ఆయన చెప్పింది "కొమ్ముతో చేసిన కొంగ, చేతి పని". ఏఐ బటన్‌తో మెరుగు పరచమన్నాను. మెరుగు బ్రహ్మాండంగా పరిచింది. రాజుల కాలం, తరతరాల వారసత్వం, ఇంకా ఏవేవో. మధ్యలో కొమ్మును ఏనుగు దంతం చేసేసింది. దంతాన్ని కూడా కొమ్మే అంటారు కదా, దాని తప్పు పూర్తిగా కాదు. కానీ ఏనుగు దంతం అమ్మడం ఈ దేశంలో నేరం. అదే మాటతో ఆ బొమ్మ ఆన్‌లైన్‌లోకి వెళ్లి ఉంటే, పాపం పెద్దాయన ఇంటికి అటవీ శాఖ వాళ్లు వచ్చేవాళ్లు. ఆయనకి ఇంగ్లీషు రాదు. నాకు ఆ ఒక్క మాట కంటపడింది కాబట్టి సరిపోయింది.

పేర్ల సంగతి చెప్తే పేజీ చాలదు. పాత్రో అని ఇంటిపేరు చెబితే పాత్ర అని వేస్తుంది. మావాళ్లు పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఒడియాలో మాదిరి మాటకి ముందో వెనకో అజ్ఞా అంటారు, అయ్యా అన్నట్టు. అది ఆజ్ఞ అని రాసి, మామూలు మనిషి చేత ఆఫీసరుకు ఆజ్ఞ ఇప్పిస్తుంది. దరఖాస్తులో పేరులో అక్షరం తేడా వస్తే డబ్బు ఆగిపోతుందని మా ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అందుకే పేరు, తండ్రి పేరు, ఖాతా నంబరు, ఈ మూడూ నేను ఎప్పుడూ చేత్తోనే కొడతాను. ఆధార్ తెర మీద తెరిచి ఉన్నప్పుడు ఆ మూడు బటన్లూ ముట్టుకోను. అది ఏం చూస్తుందో, ఎక్కడికి పంపుతుందో చెప్పే కాగితం డబ్బాలో లేదు. వ్యక్తిగత సమాచారం కాపాడటానికి 2023లో చట్టం వచ్చిందని మీ పేపర్లోనే చదివాను. ఆ చట్టం కౌంటర్ ముందు నిలబడ్డ ముసలమ్మకు ఎలా పనికొస్తుందో మీరే ఒకసారి రాయాలి.

ఇప్పుడు అసలు విషయం. తప్పు రాస్తే దిద్దుకోవచ్చు. తప్పు లేకుండా రాసి చెడగొట్టేదాన్ని ఏం చేయాలి?

వృద్ధుల భత్తా ఆగిపోయిందని ఒక తాత వచ్చాడు. పింఛన్ని ఇక్కడ భత్తా అంటాం. (మౌస్ దాన్ని బట్ట అంది, అది వేరే సంగతి.) ఆయన చెప్పింది చెప్పినట్టు ఇది: "నాలుగు నెల్ల నుంచి భత్తా రాలేదు బాబూ. మూడుసార్లు ఎల్లినాను. ఒకపాలి మిషన్ పన్జేయట్లేదన్నారు, ఒకపాలి వేలిముద్ర పడట్లేదన్నారు, ఒకపాలి సారు లేరన్నారు. ఆటోకి పోనూ రానూ ఎనభై రూపాయలు. ఇంట్లో బియ్యం ఉన్నాయి గాని ఉప్పు కొనడానికి డబ్బుల్లేవు." నేను మాట సరిచేసి చదివాను, మౌస్ కొట్టింది. చెయ్యి నొప్పిగా ఉండి, పోనీలే అని ఏఐ బటన్ నొక్కాను. అది ఇచ్చింది చూడండి. పింఛను చెల్లింపులో కొంత జాప్యం చోటుచేసుకున్న దృష్ట్యా, తమరు దయతో పరిశీలించి తగు చర్యలు తీసుకోవలసిందిగా సవినయంగా ప్రార్థిస్తున్నాను.

ఒక్క అక్షరం తప్పు లేదు. నాలుగు నెలలు పోయాయి. మూడుసార్లు తిరగడం పోయింది. ఎనభై రూపాయలు పోయాయి. వేలిముద్ర పోయింది, సారు లేకపోవడం పోయింది, ఉప్పు పోయింది. ఏ ఆఫీసరుకైనా ఆ కాగితం చదివితే ఏం అర్థమవుతుంది? కొంత జాప్యం అట. ఫైల్లో పెట్టేస్తాడు. అర్జీ రాసేవాడికి ఇన్నేళ్లలో ఒక్కటే తెలిసింది. తేదీ, ఎన్నిసార్లు వెళ్లాడు, ఎవరు ఏమన్నారు, ఇవి ఉంటేనే కాగితం కదులుతుంది. ఈ బటన్ తీసి పారేసేది సరిగ్గా వాటినే. దానికి అవి అనవసరపు వివరాలు. మర్యాద మాత్రం మిగులుస్తుంది. ఆ తాత అర్జీ ఆకృతి ఫాంట్‌లో ఒడియాలో నేనే కొట్టి, ఉప్పుతో సహా రాసి ఇచ్చాను. ఆయన ఇచ్చి వచ్చాడు. ఇంకా ఏ కబురూ లేదు.

మా ఇంట్లో జరిగింది కూడా రాస్తాను, ఎందుకంటే ఇది బోర్డర్‌లో ప్రతి తెలుగు ఇంటి సమస్య. నా కూతురు చిన్నప్పటి నుంచీ ఒడియా మీడియం. ఇప్పుడు భువనేశ్వర్‌లో నర్సింగ్ చదువుతోంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం రాదు, రాయడం రాదు. మా అమ్మ పాతపట్నం పక్క ఊళ్లో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. 81 ఏళ్లు. చెవి సరిగా వినపడదు, ఫోను పనికిరాదు. కళ్లు మాత్రం బాగున్నాయి, అక్షరం కనిపిస్తే చదవకుండా వదలదు. అంటే మనవరాలికి మాట ఉంది, అక్షరం లేదు. నానమ్మకి అక్షరం ఉంది, వినికిడి లేదు. ఇద్దరి మధ్యా ఉత్తరాలు రాసే మనిషిని నేనే.

దసరాకి వచ్చినప్పుడు పిల్లకి ఈ మౌస్ చూపించాను. కళ్లు మెరిశాయి. నాన్నా, నేనే రాస్తాను నానమ్మకి అంది. మీ వ్యాసం రాసినాయన అక్కడుంటే మురిసిపోయేవారు. నేను కూడా మురిసిపోయాను, దాచుకోవడం ఎందుకు. పుట్టి ఇరవై ఏళ్లయ్యాక నా కూతురు మొదటిసారి తెలుగులో ఉత్తరం రాస్తోంది. బ్యాంకుకి వెళ్లాల్సిన పని ఉండి దాన్ని షాపులో వదిలి వెళ్లాను. అది మాట్లాడింది, మెరుగు పరచు నొక్కింది, ప్రింటు తీసింది, పాతపట్నం వెళ్తున్న మా తోడల్లుడి చేతికిచ్చి పంపేసింది.

మర్నాడు తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ ఉత్తరం చదివి పక్కన పెట్టేసిందట. "ఇది మా గుంట రాసినదేటి? బ్యాంకోళ్లు రాసినట్టుంది. అప్పు తీర్చమని ఆఖర్న రాయలేదు, అంతే" అందట. నా దగ్గర కంప్యూటర్‌లో తీసి చూశాను. గౌరవనీయులైన నానమ్మ గారికి అని మొదలు. మీ ఆరోగ్యం కుశలమని తలుస్తున్నాను. మీరు స్వయంగా తయారుచేసే సంప్రదాయ పానీయాన్ని మరోసారి ఆస్వాదించాలని ఆకాంక్షిస్తున్నాను. సంప్రదాయ పానీయం ఏమిటని పిల్లని అడిగాను. చోడంబలి అంది, అంటే రాగి అంబలి. నానమ్మా, నీ చేతి చోడంబలి తాగాలనుంది అన్నదట అది. అమ్మకి అన్నిటికంటే కోపం తెప్పించింది వేరే. నువ్వు, నీ అని పిలిచే పిల్ల మీరు, మీ అంటోంది. ఏం తప్పు చేశానని దూరం పెట్టిందని తమ్ముణ్ణి రెండుసార్లు అడిగిందట.

పిల్లని కోప్పడ్డాను. అది ఒక్క మాటతో నా నోరు మూయించింది. "నాకు చదవడం రాదు కదా నాన్నా. గుండ్రంగా అందంగా ఉన్నాయి అక్షరాలు. బాగానే రాసిందనుకున్నాను." తన పేరుతో వెళ్లిన ఉత్తరాన్ని తను చదవలేదు. ఎలా దిద్దుతుంది? తెలుగు చదవడం రాని పిల్లల చేత తెలుగు రాయిస్తుందని మనం సంబరపడే పరికరం, ఆ పిల్లలకే అన్నిటికంటే ఎక్కువ దగా చేస్తుంది. హైదరాబాదులో కుర్రాడు తప్పు పడితే చూసి దిద్దుకుంటాడు. బోర్డర్‌లో ఉన్నవాడు దాన్ని నమ్మడం తప్ప ఇంకేం చేయగలడు?

రెండో ఉత్తరం అది చెప్తుంటే నేను చేత్తో రాశాను. చోడంబలి చోడంబలిగానే ఉంది. దానికి జవాబుగా, చోళ్లు ఆడించి ఉంచాను, సంక్రాంతికి వచ్చినప్పుడు కాస్తాను అని అమ్మ కబురు పంపింది.

గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో చేరి పాఠాలు చెప్పింది మా ఊరి రాజావారి బడిలోనే. జనం మాట్లాడే భాషలోనే పుస్తకం ఉండాలని ఆయన పోరాడారు. మీ పత్రిక ఇవాళ ఈ భాషలో వస్తోందంటే అందులో ఆయన పాలు ఉంది. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, వినీ వినీ ఆ భాష నేర్చుకుని, నిఘంటువు చేశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఏటా ఆగస్టు 29న మీరు ఆయన ఫోటో వేస్తారు. ఆయన తిరిగిన వీధుల్లోకి ఇప్పుడు ఇంకో రకం గ్రాంథికం మౌస్ పట్టుకుని వచ్చింది. ఇందులో అరసున్నాలు, బండి ఱలు లేవు కాబట్టి మనం పోల్చుకోలేకపోతున్నాం. తలుస్తున్నాను, ఆకాంక్షిస్తున్నాను, చోటుచేసుకుంది. నోటితో ఎవరైనా ఇలా మాట్లాడతారా? ఈ మాటలు ఎక్కడ నేర్చుకుందంటారు? మీ మీద నింద వేయడం కాదు గాని, చోటుచేసుకోవడం అనేది నేను మీ పత్రికలో తప్ప ఇంకెక్కడా వినలేదు.

కారణం లేకపోలేదు. ఇలాంటివి ఎక్కువగా రాసి పెట్టిన తెలుగు నుంచి నేర్చుకుంటాయి. మా మాట ఎవరు రాసి పెట్టారు? 2017 ఆగస్టులో గూగుల్ మాటతో టైపు చేయడం ఎనిమిది భారతీయ భాషల్లోకి తెచ్చింది. తెలుగు ఉంది, ఒడియా లేదు. ట్రాన్స్‌లేట్‌లోకి ఒడియా వచ్చింది 2020 ఫిబ్రవరిలో. రెండూ కలిపి మాట్లాడేవాడి వంతు ఎప్పుడో. టికే రుహ బాబూ, ఇప్పుడే వచ్చేస్తాను అంటాడు మా షాపులో మనిషి. కొంచెం ఆగు బాబూ అని. దీన్ని తెలుగు అనాలా ఒడియా అనాలా అని మౌస్ అడుగుతుంది. మైకు నొక్కే ముందే భాష ఎంచుకోమంటుంది. మాకు పుట్టినప్పటి నుంచీ ఎంచుకునే అవసరం రాలేదు.

కంప్యూటర్లకు మన భాషలు నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి అనే వేదిక పెట్టింది. అందులో భాషాదాన్ అని, ఎవరైనా తమ గొంతు ఇవ్వొచ్చు. నేనూ ఇచ్చాను, ఒక రాత్రి షాపు కట్టేశాక. తెర మీద ఒక వాక్యం వస్తుంది, మనం పైకి చదవాలి. నాకు వచ్చినవన్నీ పుస్తకం వాక్యాలే. అవి నా యాసలో చదివాను. దానికి నా గొంతు దొరికింది, నా మాట దొరకలేదు. గుంట, భత్తా, చోడంబలి, ఒకపాలి, ఇవి ఏ వాక్యంలోనూ లేవు. ముందు రాసి ఇచ్చి చదవమంటే అవి ఎలా వస్తాయి? ఒక మైకు పెట్టి, మా సంతలో ఒక పూట కూర్చోవాలి. పంతులు గారు చేసింది అదే.

మీకు నా మనవి ఇది. ఇలాంటి వస్తువుల మీద వ్యాసం వేసే ముందు మీ జిల్లా విలేఖరుల చేత ఒక్కసారి మాట్లాడించి చూడండి. పర్లాకిమిడిలో, జయపురంలో, మహారాష్ట్ర వైపు సిరొంచలో, ధర్మాబాద్‌లో. అక్కడ ఏం పడిందో కూడా అచ్చు వేయండి. తయారుచేసేవాళ్లకి చెప్పేది ఒక్కటే. మెరుగు పరచు అనే బటన్ ఉన్నట్టే, చెప్పింది చెప్పినట్టు ఉంచు అనే బటన్ ఒకటి పెట్టండి. పైన 1,450కి ఇంకో వంద ఇమ్మన్నా ఇస్తాను.

మౌస్ పారేయలేదు. చెయ్యి ఇంకా పూర్తిగా బాగవలేదు. ఈ ఉత్తరం కూడా సగం దానితోనే కొట్టాను, మీ భాషలో ఉన్న భాగమంతా. తాత మాటలూ, మా అమ్మ మాటలూ, గుంట అన్న మాట వచ్చిన చోటల్లా చేత్తోనే కొట్టాను. కత్తిరించకూడని చోటు చివర్లో చెబుతానన్నాను కదా, అది ఇదే. మీ సబ్ ఎడిటర్లు దాన్ని దయచేసి బాలిక అని దిద్దవద్దు.

పేరు అచ్చు వేయకండి. ఆ తాత అర్జీ ఇంకా ఆఫీసులోనే ఉంది.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.